మేనమామ పోలిక అంటున్నారు, నిజమేనా?

పేరు, ఊరు రాయవద్దని కోరుతూ ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం పంపారు. సారాంశం ఇది.

బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. తొమ్మిదో నెలలో మొదటిసారి న్యుమోనియా వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఏడాదిన్నర వయసులో మళ్లీ వచ్చింది. పోయిన నెలలో మూడోసారి. మొదటిసారి కుడివైపు కింద, రెండోసారి ఎడమవైపు, ఈసారి రెండువైపులా అని ఎక్స్‌రే రిపోర్టుల్లో ఉంది. మధ్యలో రెండుసార్లు చెవిలో చీము కారింది. రాత్రిపూట పడుకునే సీసాతో పాలు తాగుతాడు, తరచూ పొలమారుతుంది. ఆరేళ్ల అక్కకు జలుబు తప్ప మరో జబ్బు తెలియదు. తల్లికి ఇప్పుడు మూడో నెల.

బాబు ముఖం మేనమామ ముఖంలా ఉంటుంది. ఆ మేనమామకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. "అచ్చం మేనమామ పోలిక, నెమ్ము కూడా అక్కడి నుంచే తెచ్చుకున్నాడు" అని అత్తగారు ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతారు. అత్తగారికీ భర్తకూ తెలియని విషయం ఒకటుంది. ఈ తల్లి పుట్టకముందే ఆమె పెద్దన్నయ్య రెండేళ్ల వయసులో ఆయాసంతో చనిపోయాడు. పుట్టింట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. పోయిన నెల ఆసుపత్రిలో డాక్టరు "మీ రెండు కుటుంబాల్లో చిన్నతనంలోనే పోయిన పిల్లలున్నారా?" అని అడిగినప్పుడు అత్తగారు పక్కనే ఉన్నారు. ఈమె "లేరు" అన్నారు. ఇంట్లో గొడవ సద్దుమణుగుతుందని భర్త ఒక కిట్ తెప్పిద్దామంటున్నాడు. ఇంట్లోనే లాలాజలం తీసి పోస్టులో పంపితే జన్యువుల వివరాలు పంపిస్తారట. ఆయన బాల్కనీలో సిగరెట్ కాలుస్తాడు. ఈమె అడిగినవి మూడు ప్రశ్నలు: ఇది నా రక్తంలోంచి వచ్చిందా? ఆ కిట్‌తో తేలిపోతుందా? కడుపులో ఉన్న బిడ్డ సంగతేమిటి?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ "లేరు" అన్న ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. ఆ గదిలో, ఆ మనిషి పక్కన నిలబడి చాలామంది అదే జవాబు చెప్పి ఉండేవారు. కానీ పదేపదే న్యుమోనియా వస్తున్న మగపిల్లవాడి విషయంలో, తల్లి సోదరుడొకరు పసితనంలోనే ఆయాసంతో పోయాడన్న మాట డాక్టరు వెతికే దారినే మార్చేస్తుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు మామూలు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో న్యుమోనియాతో ఐదేళ్లలోపు పిల్లలు దాదాపు 7,40,000 మంది చనిపోయారు. ఆ వయసు పిల్లల మరణాల్లో అది 14 శాతం. ఈ జబ్బుకు ప్రధానంగా దారితీసేవి పోషకాహార లోపం, తక్కువ బరువుతో పుట్టడం, ఇంట్లో పొగ, కిక్కిరిసిన గదులు, అందని టీకాలు. వైద్యం ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. ఒక పిల్లవాడికి ఒకసారి న్యుమోనియా వస్తే ఏ డాక్టరూ జన్యువుల దాకా వెళ్లడు, వెళ్లనక్కరలేదు.

అలాగని వారసత్వానికి పాత్రే లేదని కొట్టిపారేయలేం. డెన్మార్క్‌లో 1920లలో పుట్టి దత్తత వెళ్లిన దాదాపు వెయ్యిమంది వివరాలతో 1988లో ఒక అధ్యయనం వెలువడింది. కన్న తల్లిదండ్రుల్లో ఎవరైనా 50 ఏళ్లలోపే ఏదైనా ఇన్ఫెక్షన్‌తో చనిపోయి ఉంటే, వాళ్ల బిడ్డ కూడా అలాంటి జబ్బుతోనే అకాలంగా చనిపోయే అవకాశం ఇతరులకంటే ఆరు రెట్ల దాకా ఉందని తేలింది. పెంచిన తల్లిదండ్రుల విషయంలో అలాంటి సంబంధం కనిపించలేదు. అది పెద్దవాళ్ల గురించిన లెక్క, ఏ జన్యువు అన్నది కూడా అందులో లేదు. అయినా క్రిములను తట్టుకునే శక్తిలో కొంత పుట్టుకతోనే వస్తుందని చెప్పడానికి అది చాలు.

ఆ కొంత రెండు తీరుల్లో వస్తుంది. మీ ఇంట్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు.

ఒకటి, చిన్నచిన్న తేడాలు. క్రిముల ఒంటి మీది చక్కెరలకు అతుక్కుని వాటిని పట్టించే మానోజ్ బైండింగ్ లెక్టిన్ అనే ప్రొటీన్ మన రక్తంలో ఉంటుంది. కొందరిలో జన్యువుల వల్ల అది తక్కువగా తయారవుతుంది. అలాంటివాళ్లు ఎందరో నిక్షేపంగా బతుకుతున్నారు. దానికీ న్యుమోనియాకూ ఉన్న సంబంధం గురించి పరిశోధనలు ఒకదానికొకటి పొసగడం లేదు. ఇలాంటి తేడాలు ప్రతి మనిషిలోనూ ఉంటాయి, అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వస్తాయి. మీ అత్తగారు అనే "వాళ్ల వైపు బలహీనం" ఈ రకమే అయితే, బాబుకు వచ్చినదాంట్లో సగం ఆవిడ కొడుకు ఇచ్చిందే. ఇక ముఖం పోలికంటారా, ముక్కు ఎవరి నుంచి వస్తే ఊపిరితిత్తులూ వాళ్ల నుంచే రావాలన్న నియమం ఎక్కడా లేదు. మీ తమ్ముడి ఉబ్బసం మాత్రం డాక్టరుకు చెప్పదగినదే. ఉబ్బసం కుటుంబాల్లో నడుస్తుంది. ఉబ్బసంలో కఫం అడ్డుపడి ఎక్స్‌రేలో ఏర్పడే మచ్చను న్యుమోనియా అనుకోవడం కద్దు.

రెండోది, ఒకే ఒక్క జన్యువు పాడవడం. ఇది అరుదు, కానీ దెబ్బ పెద్దది. 1952లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో ఆగ్డెన్ బ్రూటన్ అనే పిల్లల డాక్టరు ఎనిమిదేళ్ల పిల్లవాడి గురించి రాశాడు. న్యుమోకాకస్ క్రిమి వాడి రక్తంలోకి చేరి జబ్బు చేయడం, మందుకు తగ్గడం, మళ్లీ రావడం ఏళ్ల తరబడి జరిగింది. వాడి రక్తంలోని ప్రొటీన్లను విద్యుత్తు సాయంతో విడదీసి చూస్తే, గామా గ్లోబులిన్ ఉండవలసిన చోట ఏమీ లేదు. క్రిములతో పోరాడే మన యాంటీబాడీలు ఉండేది ఆ భాగంలోనే. ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబులిన్‌ను నెలనెలా ఇంజెక్షన్‌గా ఇవ్వసాగాక ఆ జబ్బులు ఆగిపోయాయి. దీనికి మూలమైన జన్యువు బీటీకే అని 1993లో తెలిసింది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది, వాళ్లకు ఏమీ తెలియదు. మగపిల్లవాడికి ఉండేది ఒక్కటే.

ఇప్పుడు మీ ఉత్తరాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఇలాంటి పిల్లవాడు మొదటి ఆరు నెలలు అందరిలాగే ఉంటాడు, కడుపులో ఉండగా తల్లి నుంచి అందిన యాంటీబాడీలు కాపాడతాయి. అవి తరిగిపోయాక అసలు సంగతి బయటపడుతుంది. మీ బాబుకు మొదలైంది తొమ్మిదో నెలలో. న్యుమోనియా ఒకే చోట తిరిగి వస్తే అక్కడ ఏదో అడ్డుపడిందని, ఊపిరి గొట్టంలోకి జారిన గింజ ముక్క కావచ్చు, పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు, ముందు అటువైపు చూస్తారు. మీ బాబుకు ప్రతిసారీ చోటు మారింది. ఏడాదిలో రెండుసార్లు వచ్చిందంటే చాలు, పరీక్షలకు అదే తగిన కారణం. దానికి చెవిలో చీము తోడైంది. అక్కకు ఏమీ లేకపోవడాన్ని మీ ఇంట్లో అందరూ ధైర్యంగా తీసుకుంటున్నారు, కానీ ఇలాంటి జబ్బు విషయంలో ఆడపిల్ల ఆరోగ్యం ఏ సంగతీ తేల్చదు. మీ తమ్ముడు బతికి ఉండటమూ తేల్చదు. తల్లిలో ఆ లోపం ఉంటే ప్రతి మగబిడ్డకూ సగం అవకాశం, ఒకరికి రావచ్చు, ఇంకొకరికి రాకపోవచ్చు. ఇంతా చెప్పాక మిగిలేది మీ పెద్దన్నయ్య. అందుకే ఆ "లేరు" దగ్గర ఆగాను.

ఇక్కడిదాకా చదివి మీ గుండె జారిపోయి ఉంటుంది. ఇంకో వైపు కూడా అంతే గట్టిగా చెప్పాలి. బ్రూటన్ చూసిన జబ్బు లక్షల్లో ఒకరికి వచ్చేది. టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో పదేపదే న్యుమోనియా వచ్చిన 238 మంది పిల్లల వివరాలను 2000లో ప్రచురించారు. దాదాపు సగం మందిలో కారణం మింగడంలో తేడా వల్ల పాలు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారడం. రోగనిరోధక లోపం ఉన్నవాళ్లు అంతకంటే చాలా తక్కువ. మీ బాబు పడుకుని సీసా తాగుతాడని, పొలమారుతుందని మీరు నాలుగో పేజీలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అది చిన్న విషయంగా అనిపించలేదు. చెవి జబ్బులకు కూడా ఆ అలవాటు దోహదం చేస్తుంది. మీ పెద్దన్నయ్య కూడా జన్యువులతో ఏ సంబంధమూ లేని మామూలు న్యుమోనియాతోనే పోయి ఉండవచ్చు. అంటే మీ చేతిలో ఇప్పుడు రెండు దారాలున్నాయి. రెండింటినీ డాక్టరు చేతిలో పెట్టండి.

మీ ముందున్న మార్గాలు, నాకు కనిపించినంతవరకు, ఇవి.

మొదటిది, ఒంటరిగా డాక్టరును కలవడం. బాబును తీసుకుని మీరొక్కరే వెళ్లండి, లేదా ముందుగా ఫోను చేసి "పోయినసారి ఒక విషయం చెప్పలేకపోయాను" అనండి. ఇలాంటి మాటలు డాక్టర్లకు కొత్త కాదు. ఇంట్లోవాళ్లకు చెప్పవద్దని కూడా అడగవచ్చు. ఆ తరువాత జరిగేది మీరు ఊహించుకున్నంత భారీగా ఉండదు. బాబు నోరు తెరిపించి టాన్సిల్స్ చూస్తారు. బ్రూటన్ జబ్బులో అవి కనీకనిపించకుండా ఉంటాయి. రక్తంలో లింఫోసైట్లు అనే తెల్ల కణాల సంఖ్య, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీల మోతాదు, వేసిన టీకాలకు ఒళ్లు స్పందించిందో లేదో చూస్తారు. రెండేళ్ల పిల్లల అంకెలను పెద్దవాళ్ల అంకెలతో పోల్చకూడదు, కాబట్టి ఆ రిపోర్టు మీద ఎర్ర గుర్తు కనబడినా ఇంట్లో కూర్చుని అర్థం చెప్పుకోవద్దు. జబ్బు లేని రోజుల్లో తీసిన ఒక ఎక్స్‌రే కూడా కావాలి, మచ్చలు పూర్తిగా పోయాయా అని తెలియడానికి. అవసరమైతే చెమటలో ఉప్పును కొలిచే పరీక్ష చేస్తారు, అది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే జబ్బు కోసం. పుట్టినప్పటి నుంచి ఏడాది పొడవునా ముక్కు కారుతూ కఫం దగ్గు ఉంటే శ్వాసనాళాల్లోని సూక్ష్మమైన వెంట్రుకల పనితీరు చూస్తారు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లోనూ, ఈ వెంట్రుకల లోపంలోనూ సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన ప్రతులు కలిస్తేనే బిడ్డకు వస్తుంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లి జరిగిందా అని డాక్టరు అడిగేది అందుకే.

రెండోది, మీ భర్త చెప్పిన కిట్. ఆయన ఉద్దేశం మంచిదే, కానీ ఇది తప్పుడు తాళంచెవి. అలాంటి కిట్లలో చాలావరకు జన్యువుల్లో ముందే ఎంచుకున్న కొన్ని చోట్లను మాత్రమే చదువుతాయి. ఒక కుటుంబానికే పరిమితమైన అరుదైన మార్పు వాటికి దొరకకపోవచ్చు. "ఏమీ లేదు" అని వస్తే మీరు నిశ్చింతగా కూర్చుంటారు, బాబుకు నాలుగోసారి వస్తుంది. "ముప్పు కొంచెం ఎక్కువ" అని వస్తే దానితో చేయగలిగిందేమీ ఉండదు, మీ అత్తగారికి మాత్రం ఒక కాగితం దొరుకుతుంది. జన్యు పరీక్ష అవసరం కావచ్చు, కానీ అది రక్త పరీక్షల తరువాత, ఏ జన్యువును అనుమానించాలో తెలిశాక, ఫలితాన్ని విడమరిచి చెప్పే డాక్టరు ద్వారా జరగాలి. అప్పుడు కూడా "మార్పు ఉంది, అర్థం తెలియదు" అన్న జవాబు రావడం అరుదేమీ కాదు. దానికి సిద్ధపడి వెళ్లాలి.

మూడోది, ఎదిగేకొద్దీ సర్దుకుంటుందని ఆగడం. చాలామంది పిల్లలకు నిజంగానే సర్దుకుంటుంది. ఏడాదికి ఆరెనిమిది జలుబులు చిన్నపిల్లలకు మామూలు. మీ బాబువి జలుబులే అయితే నేనూ ఆగమనేవాడిని. మూడు న్యుమోనియాల తరువాత ఆగితే, లోపం ఏదైనా ఉన్నప్పుడు శ్వాసనాళాలు శాశ్వతంగా సాగిపోయి పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ నష్టాన్ని తరువాత వెనక్కి తీసుకురాలేం. అందుకే ఈ మార్గం నాకు నచ్చదు.

జన్యువుల్లో ఉందని తేలితే జీవితమంతా ఇంతేనా అని మీరు ఉత్తరం చివర రాశారు. యాంటీబాడీల లోపమైతే వాటిని బయటి నుంచి ఇవ్వవచ్చు, నెలకోసారి రక్తనాళం ద్వారానో, వారానికోసారి చర్మం కిందో. అది జీవితాంతం సాగాలి, నిజమే, కానీ దానితో పిల్లలు బడికి వెళ్తారు, పెద్దవాళ్లవుతారు. ఇంకో తమాషా చూడండి. ఇరాక్-4, మైడీ88 అనే జన్యువుల్లో లోపం ఉన్న పిల్లలకు న్యుమోకాకస్ ప్రాణాంతకంగా సోకుతుంది, పైగా పెద్దగా జ్వరం కూడా రాదు. కానీ ఆ గండాలు దాటిన పిల్లలకు కౌమారం వచ్చేసరికి ముప్పు బాగా తగ్గిపోతుంది. జన్యువు మారదు, అయినా జబ్బు తగ్గుతుంది.

కడుపులోని బిడ్డ విషయంలో కాలం కొంచెం ముఖ్యం. పుట్టకముందే పరీక్ష చేయాలంటే ముందు బాబులో ఏ జన్యువులో ఏ మార్పు ఉందో తెలిసి తీరాలి. అది తెలియకుండా కడుపులో బిడ్డను పరీక్షించి ప్రయోజనం లేదు. మాయ నుంచి ముక్క తీసే పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15 వారాల తరువాత చేస్తారు. రెండింటికీ గర్భస్రావం అయ్యే ముప్పు కొద్దిగా ఉంటుంది. వద్దనుకుంటే పుట్టాక చూడవచ్చు. యాంటీబాడీలను కొలిస్తే అప్పుడు కనబడేవి మీవే, కాబట్టి వాటిని తయారుచేసే బి కణాలను లెక్కిస్తారు. ఆ ఫలితం వచ్చేదాకా బీసీజీ, పోలియో చుక్కల వంటి బతికున్న క్రిములతో చేసే టీకాలు వేయాలా ఆపాలా అన్నది డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. బాబు రక్త పరీక్షలు మామూలుగా వస్తే ఈ పేరా అంతా మీరు మరిచిపోవచ్చు. నేను ఈ నెలలోనే వెళ్లమనడానికి కారణం మాత్రం ఇదే.

ఇక ఇల్లు. మీ భర్తకు పెద్దన్నయ్య సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే పరీక్షల ప్రతి మలుపులోనూ ఒక అబద్ధం మోయాలి, ఫలితం వచ్చిన రోజున ఎలాగూ బయటపడుతుంది. చెబితే ఆయన నొచ్చుకోవచ్చు, ఇన్నేళ్లు ఎందుకు దాచావని అడగవచ్చు. మీ ఉత్తరంలో కనిపించిన మనిషి దాన్ని తట్టుకోగలడనే అనిపించింది. అదే మాటల్లో సిగరెట్ సంగతీ తేల్చండి. బాల్కనీలో కాల్చినా పొగ బట్టలతో, తెరిచిన తలుపులోంచి లోపలికి వస్తుంది. జన్యువులు ఎవరివైనా, ఆ పొగ మాత్రం ఆయనదే, దాన్ని రేపే ఆపవచ్చు. సీసాను కూడా మానిపించండి, అప్పటిదాకా కూర్చోబెట్టి తాగించండి. న్యుమోకాకస్, హిబ్, తట్టు టీకాల్లో ఏది మిగిలిపోయిందో కార్డు చూసి డాక్టరును అడగండి. అత్తగారికి ఇప్పుడే ఏమీ చెప్పనక్కరలేదు. ఆవిడ "మేనమామ పోలిక" అన్నప్పుడు "పరీక్షలు చేయిస్తున్నాం అత్తయ్యా, డాక్టరుగారు చెబుతారు" అని ఊరుకుంటే చాలు.

ఈలోగా బాబుకు మళ్లీ దగ్గు, జ్వరం వస్తే, వాడు నిద్రలోనో ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలకు 40 లేదా అంతకు మించితే అది వేగం, ఆ రోజే డాక్టరు చూడాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, ఏమీ తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా లెక్కలు వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, కష్టమైనది. మీ అమ్మగారిని అడగండి. అన్నయ్యకు మొదటిసారి ఎన్నో నెలలో వచ్చింది, అంతకుముందు ఎన్నిసార్లు వచ్చింది, చెవిలో చీము కారేదా, ఒంటి మీద గడ్డలు లేచేవా, అమ్మగారి అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్ల కొడుకుల్లో అలా ఎవరైనా పోయారా. మీ అమ్మగారు ఏడుస్తారేమో. అయినా అడగండి. చెప్పినవన్నీ ఒక కాగితం మీద, పైన అన్నయ్య పేరుతో, రాసుకోండి. ఈసారి డాక్టరు ఆ ప్రశ్న అడిగినప్పుడు పక్కన ఎవరున్నా సరే, నోరు పెగలకపోతే ఆ కాగితం చేతికివ్వండి.